మీటల కూర్పులు – కరవు సీమ కాలము

ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురము సీమలో, వేరుశనగ పైరు ఎండిన యేట, పంటల బీమాకో పెట్టుబడి రాయితీకో రైతు కార్యాలయముల గడప తొక్కక తప్పదు. ఒకనాటి కూలి విడిచి వరుసలో నిలిచిన యాతని సమయము, లోపల కంప్యూటరు ముందు కూర్చున్న ఉద్యోగి చేతివేగముపై నాధారపడియుండును. అందుచే, రెండు మూడు మీటలను కలిపి నొక్కి పెక్కు చేష్టలను తప్పించు షార్ట్‌కట్ల చరిత్ర ఈ సీమవారికి విచారణీయము.

ఈ పద్ధతికి బీజము టైపురైటరునందు కలదు. 1878లో వెలువడిన రెమింగ్టన్ రెండవ నమూనా షిఫ్ట్ మీటను ప్రవేశపెట్టి, ఒక మీటను అదిమిపట్టి వేరొకదానిని నొక్కినచో ఫలము మారునను నియమమును లోకమునకు అలవరచెను. మన పట్టణముల టైప్ ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పరీక్షలకు సాధన చేసినవారికి మీటలను చూడక వ్రేళ్లు నడుపు విద్య అబ్బినది ఈ యంత్రములవలననే.

కంప్యూటరు వచ్చిన పిదప ఆ నియమము అక్షరమును దాటి ఆజ్ఞకు విస్తరించెను. 1978 నాటి వర్డ్‌స్టార్, కంట్రోల్ మీటకు ఇ, ఎస్, డి, ఎక్స్ మీటలను జోడించి, మౌసు లేకయే తెరపై నలుదిక్కులకు పోవు వీలు కల్పించెను. 1970ల నడుమ జిరాక్స్ పరిశోధనాలయమున ల్యారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు జిప్సీ యను ప్రోగ్రామునందు కత్తిరించి అతికించు పద్ధతిని తీర్చిదిద్దిరి. టెస్లర్ ఆపిల్ సంస్థకు మారిన పిదప, 1983 నాటి లీసా యంత్రమున రద్దు, కత్తిరింపు, నకలు, అతికింపు అను నాలుగు పనులకు జడ్, ఎక్స్, సి, వి మీటలు నియతములయ్యెను. అవి ఎడమచేతి క్రింద ఒకే వరుసలో నుండుటచే, కుడిచేయి మౌసును విడువకయే పని సాగును. 1987లో ఐ.బి.ఎం. ప్రకటించిన నియమావళి ఇన్సర్ట్, డిలీట్ మీటలతో వేరు కూర్పులను విధించినను, 1992 నాటి విండోస్ 3.1 ఆ నాలుగు మీటలనే కంట్రోల్‌తో కలిపి స్వీకరించుటచే, అవియే లోకవ్యవహారమున స్థిరపడెను.

ఆజ్ఞల విషయమున కుదిరిన ఏకాభిప్రాయము తెలుగక్షరముల విషయమున కుదరలేదు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక, అచ్చులను ఎడమచేతికిని హల్లులను కుడిచేతికిని పంచి, భారతీయ లిపులకు సమానస్థానములనిచ్చినది. క్షామ శబ్దములోని ‘క్షా’ వ్రాయుటకు క, పొల్లు, ష, దీర్ఘము వరుసగా నొక్కిన చాలును. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ దీనిని ఆమోదించినను, డి.టి.పి. కేంద్రములు ఆపిల్, మాడ్యులర్ అమరికలకును, ఇంటర్నెట్టున వ్రాయువారు 2006లో వచ్చిన లేఖిని వంటి రోమను మార్గములకును అలవాటుపడిరి. తత్ఫలితముగా ఒకచోట సాధన చేసిన చేయి మరియొకచోట తడబడుచున్నది.

మీటల వేగము ఒకని చాతుర్యముకన్న పదిమంది ఒడంబడికవలననే చిరకాలము నిలుచునని ఈ చరిత్ర చాటుచున్నది. కనుక, 1948లో గిండీనుండి అనంతపురమునకు తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాల వంటి విద్యాలయములు, 2019లో వెలసిన గ్రామ సచివాలయముల ఉద్యోగులకు ఇన్‌స్క్రిప్టును, ఆల్ట్‌–షిఫ్టుతో భాష మార్చుటను, పైని నాలుగు కూర్పులను పూనికతో నేర్పవలెను. ఒక్కొక్క దరఖాస్తునందు మిగులు నిమిషములు వరుసలోని రైతులందరికిని దక్కును. కరవు సీమకు విద్యావంతులు చేయదగిన సేవలలో ఇంత స్వల్పవ్యయమున ఫలించునది వేరొకటి అరుదు.