కాళ్ళవైపు వేలాడే అట్ట

వానలు వెనకబట్టే రోజుల్లో విజయవాడ ఆసుపత్రుల జ్వరం వార్డుల్లో ఒకే తగువు పదేపదే నడుస్తుంది. డెంగీతో చేరిన కుర్రాడికి నాలుగో రోజో అయిదో రోజో ఒళ్ళు చల్లబడుతుంది. తల్లి నుదురు ముట్టుకు చూసి, "జ్వరం దిగిపోయింది కదా సిస్టరమ్మా, ఇంటికి పంపించేయండి" అంటుంది. సిస్టర్ ససేమిరా అంటుంది. ఆవిడ చూస్తున్నది నుదురు కాదు, మంచానికి కాళ్ళవైపు వేలాడే అట్టకు పెట్టిన చార్టు. అందులో టెంపరేచర్ గీత దిగుతోంది, పల్స్ గీత ఎక్కుతోంది. బీపీలో పై అంకెకీ కింది అంకెకీ మధ్య ఎడం తగ్గుతూ ఇరవైకి చేరువవుతోంది. పొద్దుటి నుంచి మూత్రం సరిగా రాలేదు. డెంగీలో రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయే గడ్డుకాలం సరిగ్గా జ్వరం తగ్గేటప్పుడే మొదలవుతుంది. అది ముట్టుకుంటే తెలిసేది కాదు. నిన్నటి అంకె పక్కన ఇవాళ్టి అంకె పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

థర్మామీటరు ఎలా పుట్టిందో స్కూలు పుస్తకాల్లో ఉంటుంది. ఈ చార్టు ఎలా పుట్టిందో ఎవరూ చెప్పరు. నన్నడిగితే రెండిట్లో పెద్ద కనిపెట్టుడు ఇదే.

జర్మనీలోని లైప్‌జిగ్ ఆసుపత్రిలో కార్ల్ వుండర్లిష్ అనే డాక్టరు ఏళ్ళ తరబడి రోగుల ఒంటి వేడి కొలిపించి, 1868లో పుస్తకం వేశాడు. సుమారు 25 వేల మంది రోగులు, 10 లక్షల పైచిలుకు కొలతలు. అప్పటి థర్మామీటరు అడుగు పొడవుండేది. చంకలో పెట్టి పావుగంట, ఇరవై నిమిషాలు కదలకుండా పట్టుకోవాలి. ఒక్క డాక్టరు ఒక్క జన్మలో చేయగలిగిన పని కాదది. ఆ లక్షల అంకెల వెనక పేర్లు తెలియని చేతులు చాలా ఉండి ఉండాలి. నార్మల్ అంటే 98.6 అని మనం ఇవాళ కళ్ళు మూసుకుని చెప్పే అంకె అక్కణ్ణుంచి వచ్చిందే.

అంకెలన్నీ వరసగా గీతగా గీస్తే ఒక్కో జ్వరానికి ఒక్కో రూపం బయటపడింది. టైఫాయిడ్ గీత మొదటివారం మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. సాయంత్రం కాస్త ఎక్కి, పొద్దున కొంచెం దిగి, మర్నాటి సాయంత్రం ఇంకో మెట్టు. మలేరియాలో ఒక రకం రోజు విడిచి రోజు నిట్టనిలువుగా లేచి పడుతుంది. మన పెద్దవాళ్ళకి ఇవి తెలియవని కాదు. రోజు తప్పించి రోజు వచ్చే చలిజ్వరం డెల్టా ఊళ్ళలో ఎవరికి కొత్త? లంఖణాలు పెట్టి రోజులు వేళ్ళమీద లెక్కపెట్టుకున్న తల్లులకు ఆ లెక్క బాగానే తెలుసు. కాకపోతే అది ఆ తల్లితోనే ఉండిపోయేది. రాత్రంతా కూర్చున్న మనిషి పొద్దున లేచి వెళ్ళిపోతే, చూసిందంతా ఆవిడతోనే వెళ్ళిపోయేది.

1866 ప్రాంతంలో ఇంగ్లండులో క్లిఫర్డ్ ఆల్బట్ ఆరంగుళాల థర్మామీటరు తయారు చేయించాడు. అయిదు నిమిషాల్లో వేడి చెబుతుంది, జేబులో పడుతుంది. దాంతో వార్డులో ప్రతి మంచం దగ్గరా, పూటపూటా చూడటం నర్సు పనిగా స్థిరపడటానికి దారి దొరికింది.

చూడటం ఎలాగో మాత్రం అంతకు ముందే ఒకావిడ గట్టిగా చెప్పింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగ్ మీద రాసిన చిన్న పుస్తకం 1859 చివర, 1860 మొదట్లో జనంలోకి వచ్చింది. అందులో ఒక అధ్యాయమంతా రోగిని కనిపెట్టి చూడటం గురించే. రాత్రి బాగా పడుకున్నాడా అని అడిగితే లాభం లేదంటుందావిడ. బాగా అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ఎన్ని గంటలు పడుకున్నాడు, ఏ వేళల్లో అని అడగమంటుంది. ఎంత తిన్నాడన్నదీ అంతే. కంచంలో పెట్టింది కాదు, నోట్లోకి పోయింది చెప్పాలి.

పనిలో పనిగా ఒక ముక్క. నైటింగేల్ ఇండియాలో ఎన్నడూ అడుగు పెట్టలేదు గానీ, మన కాలువల గురించి ఆవిడకు తెలిసినంత అప్పటి దొరలు చాలామందికి తెలియదు. ఆనకట్టల ఇంజనీరు ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపింది. సాగునీరు లేకపోతే జనం చస్తారని 1874లో అచ్చయిన తన పుస్తకం అనుబంధంలో వాదించింది. రోగి మంచం దగ్గర అంకెలు అడిగిన మనిషే కరువు దగ్గరా అంకెలు అడిగింది.

కృష్ణా డెల్టాకు రోగిని కొలిచి రాసే ఈ పద్ధతి మిషనరీ ఆసుపత్రులతో వచ్చింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో డాక్టరీ చదివిన అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు చేరింది. మగడాక్టరు చెయ్యి పట్టుకోవడానికి ఒప్పుకోని ఆడవాళ్ళ కోసం ఆవిడ పెట్టిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. ఇక్కడి ఆడపిల్లలకు అక్కడే నర్సు పని నేర్పారు. ఆ ఆసుపత్రి ఎదుట ఏలూరు రాజావారు రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. ఆ సత్రమే నాకు బాగా నచ్చిన సాక్ష్యం. మన దగ్గర రోగి ఒక్కడూ రాడు. వెంట అమ్మో, అత్తో, తోడికోడలో వస్తుంది. కాఫీ పట్టేదీ, పక్క తిప్పేదీ, బెడ్‌ప్యాన్ పెట్టేదీ వాళ్ళే. గుంటూరులోనైనా బెజవాడలోనైనా మొదటి నర్సింగ్ అసిస్టెంట్లు వీళ్ళే, జీతం లేకుండా.

తర్వాత చార్టులో గడులు పెరుగుతూ పోయాయి. 1896లో ఇటలీ డాక్టరు రివా రొచ్చి బీపీ పట్టీ, 1905లో రష్యా డాక్టరు కొరొట్కాఫ్ చెప్పిన నాడి చప్పుళ్ళు వచ్చి పై అంకె, కింది అంకె చేరాయి. ఎక్కిన సెలైను, దిగిన మూత్రం లెక్క కోసం ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు వచ్చింది. 60 కిలోల మనిషికి మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే సిస్టర్ కంగారు పడాలి.

మన దగ్గర కాగితానికి ఇంకో యజమాని కూడా తయారయ్యాడు. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. 2002 వైద్యమండలి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులు మూడేళ్ళు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక బిల్లు పాసు కావాలన్నా కాగితాలు కావాల్సిందే. రాయనిది చెయ్యనట్టే లెక్క. రాయడం పెరిగింది, మంచిదే. కానీ చూడకుండా రాయడమూ పెరిగింది. ఏ వార్డులోనైనా శ్వాస గడి చూడండి. మంచం మంచానికీ 18, 20, 18, 20. నిజంగా లెక్కపెట్టాలంటే రోగికి తెలియకుండా నిమిషం పాటు ఛాతీ మీద కన్ను వేసి నిలబడాలి. రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్క సిస్టర్ ఉంటే ఆ నిమిషం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఆ నిమిషం ఉన్నవాళ్ళు వేరే ఉన్నారు. ప్రభుత్వాసుపత్రుల్లో వాళ్ళని ఎఫ్‌ఎన్‌ఓలు (ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీలు), ఎంఎన్‌ఓలు (మేల్ నర్సింగ్ ఆర్డర్లీలు) అంటాం. దుప్పటి మార్చేటప్పుడు నడుము దగ్గర ఎర్రబడ్డ చర్మం, అంటే పుండు పడబోయే చోటు, ముందు కనబడేది వాళ్ళకే. విరేచనం తారులా నల్లగా ఉందని, అంటే లోపల రక్తం పోతోందని తెలిపేదీ వాళ్ళే. యూరిన్ బ్యాగు ఖాళీ చేసి కొలత చెప్పేది వాళ్ళు, గడి నింపి సంతకం పెట్టేది సిస్టర్. వాళ్ళు చెప్పే తీరు ఇలా ఉంటుంది: "మేడం, ఆరో బెడ్డు పెద్దాయన ఇందాకటి నుంచి అదోలా ఉన్నాడు. ఊళ్ళో గేదె సంగతి అడుగుతున్నాడు."

"అదోలా"కి చార్టులో గడి లేదు కాబట్టి చాలాచోట్ల ఈ మాట అక్కడికక్కడే పోతుంది. దీనికి జవాబు ఇంగ్లండు నుంచే వచ్చింది. 1997లో గ్రేట్ యార్మత్ పట్టణంలోని ఆసుపత్రి డాక్టర్లు పల్స్, శ్వాస, బీపీ లాంటి వాటికి మార్కులు వేసి కూడే పద్ధతి ప్రకటించారు. 2012లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దేశమంతటికీ ఒకే పట్టిక తయారు చేసింది. మొత్తం అయిదుకు చేరితే డాక్టరుకు వెంటనే కబురు వెళ్ళాలి, ఏడైతే ఎమర్జెన్సీ. దీని లాభం లెక్కల్లో కన్నా హోదాల్లో ఎక్కువ. అర్ధరాత్రి డాక్టర్ని లేపడానికి భయపడే కొత్త సిస్టర్ చేతికి ఒక అంకె దొరికింది. "నాకెందుకో అనుమానంగా ఉంది సార్" అనక్కర్లేదు, "సార్, స్కోరు ఏడు" అంటే చాలు. 2017లో పట్టికను సవరించినప్పుడు, అంతదాకా బాగున్న మనిషి కొత్తగా తికమక పడితే ఆ ఒక్కదానికే మూడు మార్కులు వెయ్యమన్నారు. అంటే ఆరో బెడ్డు పెద్దాయన గేదె సంగతికి మూడు మార్కులు.

మనవాళ్ళూ కొన్నాళ్ళుగా జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు పెట్టి, ఇంటర్‌తోనో అంతకు ముందో చదువాపిన పిల్లలకు పల్స్, బీపీ లాంటి వైటల్స్ చూడటం, తేడా కనబడగానే సిస్టర్‌కి చెప్పడం నేర్పుతున్నారు. జబ్బేమిటో తేల్చడం వాళ్ళ పని కాదు, చూసింది చూసినట్టు చెప్పడమే పని. చెప్పినదాన్ని సిస్టర్ రాసేటప్పుడు పక్కనే ఎవరు చెప్పారో, ఏ టైముకు చెప్పారో కూడా రాయాలని రూలు పెడితే ఖర్చేమీ కాదు. ఒక గడి ఎక్కువ అచ్చు వేయించాలి, అంతే.