వెచ్చని నేలకు తగిన పైపొర

నేల కింద వేడి పుట్టించి ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం చలిదేశాల్లో చాలా పాత పద్ధతి. ఆ నేల మీద ఏం పరచాలన్నది మాత్రం కాలానికొకలా మారింది. కింద మంట తీరు మారినప్పుడల్లా పైపొరా మారింది. అందుకే దీన్ని అలంకారాల లెక్కలో వేయకూడదు, పొయ్యిలో భాగంగానే చూడాలి.

రోమన్లు స్నానశాలల్లో రెండడుగుల ఎత్తు ఇటుక స్తంభాలపై నేలను నిలబెట్టి, కింది ఖాళీలోకి కొలిమి వేడిగాలిని పంపేవారు. స్తంభాలపై పెద్ద పలక ఇటుకలు, వాటిపై పెంకుల పొడి కలిపిన సున్నపు గచ్చు, ఆపైన మొజాయిక్ లేదా పాలరాయి. అంత మందం వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఎక్కిన వేడి తొందరగా దిగదు. కొలిమి ఆరనివ్వని స్నానశాలకు అది చక్కగా సరిపోయింది.

కొరియాలోని ఒండోల్ ఇళ్లలో తినడం, కూర్చోవడం, పడుకోవడం అన్నీ నేల మీదే. పొయ్యి పొగ గది కింది కాలువల గుండా పోతూ పైనున్న బండలను కాచేది. పొగను గదిలోకి రానివ్వకుండా, వేడిని అడ్డుకోకుండా, తుడిస్తే శుభ్రపడే పైపొర అక్కడ కావాలి. బండలపై మట్టి మెత్తి, ఆరాక, మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన కాగితాన్ని పొరలుగా అంటించేవారు. నానిన సోయా గింజలను రుబ్బి, పెరిల్లా నూనె కలిపి, గుడ్డలో మూటకట్టి దానిమీద మళ్లీ మళ్లీ రుద్దేవారు. ఆరేసరికి నేల పసుపు పచ్చగా నిగనిగలాడేది, నీళ్లు ఇంకేవి కావు. పొయ్యి దగ్గరి వెచ్చని చోటు ఇంటి పెద్దలది.

20వ శతాబ్దంలో కట్టెల బదులు బొగ్గు బిళ్లలు వచ్చాయి. నేలలో చిన్న పగులున్నా కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి చేరి, ఎందరో నిద్రలోనే ప్రాణాలు కోల్పోయారు. తర్వాత వేడినీటి గొట్టాలు రావడంతో పొగను ఆపే పని పైపొరకు తప్పింది. కాగితం చోటును వినైల్ షీట్లు, చెక్క పలకలు తీసుకున్నాయి.

జపాన్‌లో ఒక కొరియన్ గదిలో ఈ వెచ్చదనం చవిచూసిన అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, 1937లో మాడిసన్‌లోని జేకబ్స్ ఇంటికి నేల కింద గొట్టాలు వేయించాడు. వాటిపైన పోసిన ఎర్రరంగు కాంక్రీటే అక్కడ నేల. దశాబ్దం తర్వాత న్యూయార్క్ దగ్గరి లెవిట్‌టౌన్ ఇళ్లలో కాంక్రీటుపై పల్చని యాస్ఫాల్ట్ టైల్స్ అంటించారు.

నేటి యూరప్ ప్రమాణం ఈఎన్ 1264 ప్రకారం మనుషులు మసలే చోట నేల పైభాగం 29 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. పైపొర ఎంత అడ్డుపడితే కింది నీటిని అంత ఎక్కువ కాచాలి, ఖర్చూ అంతే పెరుగుతుంది. సెరామిక్ టైల్స్ ఓక్ చెక్క కంటే ఐదు రెట్లకు పైగా సులువుగా వేడిని పంపుతాయి. మన తాండూరు బండ మీద పాదం చల్లబడేదీ ఈ గుణం వల్లే. ఒంటి చెక్క పలకలు వేడికి ఎండి కుంచించుకుపోయి సందులిస్తాయి. నిలువు, అడ్డం పొరలు అంటించి చేసిన ఇంజనీర్డ్ వుడ్ మెరుగ్గా తట్టుకుంటుంది. మందపాటి కార్పెట్ వేస్తే వేడి కిందే ఆగిపోతుంది.

కాబట్టి ఫ్లోరింగ్ ఏదో గొట్టాలు పరచకముందే తేల్చుకోవాలి. గొట్టాల మధ్య ఎంత ఎడం ఉండాలో, నీళ్లు ఎంత కాగాలో దాన్నిబట్టే లెక్క కట్టాలి.