ఎందుకో రాయండి

సీఎఫ్‌ఏ మూడో లెవెల్‌కి చదివేవాళ్ళలో చాలామందికి భయం లెక్కలంటే కాదు, జవాబు రాయడమంటే. షేర్లు విశ్లేషించేవాళ్ళకీ ఒక అర్హత ఉండాలని 1945లోనే వాదించాడు బఫెట్ గురువు బెంజమిన్ గ్రాహమ్. 1963 జూన్‌లో జరిగిన తొలి పరీక్షని 284 మంది రాశారు. తర్వాత్తర్వాత టిక్కు ప్రశ్నలు వచ్చాయి. రాసే ప్రశ్నలు ఇప్పుడు మూడో లెవెల్లోనే మిగిలాయి, అవీ సగమే.

నా దృష్టిలో ఆ సగమే అసలు పరీక్ష. సరైన ఆప్షన్‌ని గుర్తుపట్టడం వేరు. రిటైరైన మనిషి డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పడం వేరు. ‘సమర్థించండి’ అంటే గుర్తున్నదంతా కుమ్మరించమని కాదు, ఆ మనిషి వయసులోంచి, అవసరాల్లోంచి కారణం చూపించమని. అది చదివితే రాదు. గడియారం ముందు పెట్టుకుని పాత ప్రశ్నలకి జవాబులు రాస్తేనే వస్తుంది. కారణం చెప్పలేనివాడి చేతికి డబ్బెవరిస్తారు?