చాటువు నుండి ముఖస్తుతి దాకా: అతిస్తుతిని తెలిపే తెలుగు పదాల చరిత్ర

వ్యాససంగ్రహం:
మితిమీరిన పొగడ్తను తెలిపే పదాలు తెలుగులో అనేకం. వాటిలో కొన్ని ఒకప్పుడు గౌరవార్థంలో ఉండి, తరువాత నిందార్థంలోకి జారాయి. ఈ అర్థపరిణామాన్ని గుర్తించకుండా నేటి పదంతో నాటి కావ్యాన్ని తూచడంలోని దోషాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది. ముఖస్తుతికి గుర్తు మాటల్లోని అతిశయం కాదని, పొగిడేవారికీ వినేవారికీ మధ్య ఉన్న సంబంధమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చాటువు, ముఖస్తుతి, ఇచ్చకం, కైవారం, నరస్తుతి, షష్ఠ్యంతాలు.

1. ఉపోద్ఘాతం:
రాజాశ్రయంలో వెలువడిన కావ్యాలను చర్చించేటప్పుడు స్తుతి, ప్రశస్తి, ముఖస్తుతి, భజన అనే మాటలను ఒకదానికి బదులు మరొకటిగా వాడటం కద్దు. అయితే పదం మారితే తీర్పూ మారుతుంది. ‘ప్రశస్తి’ ఒక రచనారూపానికి పేరు. ‘ముఖస్తుతి’ కవి శీలం మీద మోపే అభియోగం. శాసనాల్లోని ప్రశస్తిభాగాన్ని కేవలం పొగడ్తగా కొట్టివేస్తే వంశక్రమం, బిరుదులు, విజయాల ప్రస్తావనలు వంటి చరిత్రాధారాలను కూడా పారవేసినట్లవుతుంది. అందువల్ల సరైన పదాన్ని ఎంచుకోవడం కేవలం శైలికి సంబంధించిన విషయం కాదు.

2. చాటు శబ్దం:
సంస్కృతంలో ‘చాటు’ శబ్దానికి ప్రియమైన మాట, ఇచ్చకపు మాట అని అర్థం. అమరకోశం దీనిని ప్రేమవల్ల చేసే మిథ్యాప్రశంసగా వివరించింది. ఈ వివరణలో ప్రేమ, అసత్యం, అతిశయం మూడూ ఒకే పదంలో ఇమిడి ఉన్నాయి. అంటే ఆప్యాయతతో హెచ్చించి చెప్పడానికీ, మెప్పుకోసం హెచ్చించి చెప్పడానికీ అక్కడ గట్టి సరిహద్దు లేదు.

తెలుగులో ఈ శబ్దం వేరే దారి పట్టింది. ‘చాటువు’ అంటే ఆయా సందర్భాల్లో ఆశువుగా పుట్టి, నోటినోట నిలిచిన విడిపద్యం. వేటూరి ప్రభాకరశాస్త్రి సంకలించిన ‘చాటుపద్యమణిమంజరి’లో పొగడ్తతోపాటు తిట్టు, హాస్యం, నీతి, శృంగారం కూడా ఉన్నాయి. ఈ విధంగా నిందార్థాన్ని వదులుకొని ‘చాటువు’ ఒక సాహిత్యప్రక్రియకు పేరయింది. మరుగు అనే అర్థంలోని ‘చాటు’, ప్రకటించు అనే అర్థంలోని ‘చాటు’ దీనికి భిన్నమైన మాటలు.

3. అతిశయం దోషం కాదు:
అలంకారశాస్త్రం అతిశయోక్తిని అలంకారంగా గౌరవించింది. ఓరుగల్లు ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ‘ప్రతాపరుద్రీయం’లో లక్ష్యశ్లోకాలన్నీ కాకతీయ ప్రతాపరుద్రుని కీర్తించేవే. అక్కడ రాజస్తుతి శాస్త్రబోధకు సాధనమైంది.

తెలుగు కావ్యావతారికలోనూ స్తుతికి నియతస్థానం ఉంది. కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు ఈ సంప్రదాయంలోనివే. పెద్దన శ్రీకృష్ణదేవరాయలకు (పాలన 1509–1529) మనుచరిత్రను అంకితం చేస్తూ షష్ఠ్యంతాలు రచించాడు. పోతన భాగవతంలో భగవంతుని ఉద్దేశించి షష్ఠ్యంతాలు రచించాడు. రెండుచోట్లా విభక్తి ఒకటే, విశేషణాల వరుస ఒకటే. కాబట్టి రూపాన్ని బట్టి ఒకదానిని భక్తి అని, మరొకదానిని ముఖస్తుతి అని నిర్ణయించడం సాధ్యం కాదు.

4. కవుల అభ్యంతరం దేనిపై?
పోతన నరాంకితాన్ని తిరస్కరించాడు. ఆ తిరస్కారంలో ఆయన ప్రధానంగా పేర్కొన్నవి రాజులిచ్చే ఊళ్లు, వాహనాలు, ధనం. ఆయన అభ్యంతరం స్తుతి మీద కాదు, దానికి బదులుగా పుచ్చుకునే ప్రతిఫలం మీద. చిన్నన్న ద్విపదలో రాసిన ‘అన్నమాచార్య చరిత్రము’ ప్రకారం, వేంకటేశ్వరునిపై పాడినటువంటి పదాన్నే తనపైనా చెప్పమని సాళువ నరసింహరాయలు కోరగా అన్నమయ్య నిరాకరించి సంకెళ్ల పాలయ్యాడు. రాజు కోరినది కొత్త ప్రక్రియ కాదు. ఉన్న పదంలో తన పేరు.

దీనికి మరో పార్శ్వం పెద్దనకు ఆపాదితమైన ప్రసిద్ధ చాటువు. రాయలు మరణించిన తరువాత, ఆయన చేసిన సత్కారాలను తలచుకొని కవి దుఃఖించినట్లు అందులో ఉంది. అదీ స్తుతే. అయితే వినడానికి రాజు లేడు, ఇవ్వడానికి చేయి లేదు. ముఖస్తుతికి ఎదుట ఒక ముఖం ఉండాలి. ఆ పద్యాన్ని ముఖస్తుతి అనడం పదార్థానికే విరుద్ధం. ‘చాటు’ శబ్దంలో అమరకోశం చెప్పిన ప్రేమాంశం ఇక్కడ నిలిచింది, అసత్యాంశం జారిపోయింది.

5. జారిన పదాలు, నిలిచిన నుడికారాలు:
వందిమాగధులు చేసే స్తోత్రపాఠానికి ‘కైవారం’ అని పేరు. నేటి పత్రికాభాషలో ‘వందిమాగధులు’ అంటే అనుచరగణమనే ఎత్తిపొడుపు. భగవత్సేవను తెలిపే ‘భజన’ రాజకీయవ్యవహారంలో నాయకుని పొగడటమనే అర్థానికి దిగింది. ‘భట్రాజు పొగడ్తలు’ అనే మాట ఒక సమాజం కులవృత్తినే హేళనగా మార్చింది. దానిని విమర్శలో పారిభాషికపదంలా వాడటం తగదు.

లోకవ్యవహారంలోని ఇతర మాటలు మరింత సూక్ష్మమైనవి. ‘ఇచ్చకం’ ఎదుటివారి ఇచ్ఛను అనుసరించి పలికేది. ‘కాకా పట్టడం’లో పొగిడేవారి పని నెరవేరాలనే ఆశ ఉంది. ‘మునగచెట్టు ఎక్కించడం’లో దృష్టి వినేవారి మీద ఉంది. మునగకొమ్మ పెళుసు కనుక ఎక్కినవారు పడక తప్పదు. పొగిడితే పొంగిపోయేవారికి ‘ఉబ్బులింగడు’ అనే పేరుంది. వాత్సల్యం మితిమీరితే మాత్రం ‘గారాబం’ అంటారు. గారాబంలో మోసం లేదు, అయినా పొందినవారు చెడవచ్చు. ఇచ్చకంలో ఆప్యాయత వేషం మాత్రమే. రెంటినీ వేరుచేసేది మాటల్లోని తీపి కాదు, వాటి వెనుక ఉన్న ఉద్దేశం.

6. ఉపసంహారం:
రామాయణ, మహాభారతాలు రెండూ రాజుకు ప్రియం పలికేవారిని, పథ్యం పలికేవారిని వేరుచేసి చూపాయి. తెలుగు పదసంపద ఈ భేదాన్ని మరింత విస్తరించింది. సంప్రదాయరూపంలోని కీర్తనకు స్తుతి లేదా ప్రశస్తి, లబ్ధికోసం ఎదుట పలికినదానికి ముఖస్తుతి, ఎదుటివారి ఇష్టానికి వంగినదానికి ఇచ్చకం, ప్రేమ మితిమీరినదానికి గారాబం అనే వివక్షను పాటించడం యుక్తం. ఎవరు, ఎవరి ఎదుట, దేనికోసం పలికారన్నది తేలిన తరువాతనే కవిపై ముఖస్తుతి అనే అభియోగం మోపాలి. అది తేలనంతవరకు ‘స్తుతి’ అనడమే న్యాయం.