నెగెటివ్ ఎవరి దగ్గరుంది?

"అక్కా, నాకు ఫొటోలు దిగాలనుంది. పెండ్లి ఫొటోలు కావు, ఆఫీసుకిచ్చేవి కావు. నా గదిల, నాకు నచ్చినట్టు. ఎవరితోని తీయించుకుంటే మంచిగుంటదో చెప్తవా?"

మా పిన్ని కూతురు కిందటేడు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ఇద్దరం హాలియాలో పెరిగినవాళ్లం. ఆమెకు పదిహేనో ఏట చేతుల మీదా మెడ మీదా తెల్లమచ్చలు మొదలయ్యాయి. సంబంధాలు చూసేటప్పుడు తీయించిన ఫొటోలో స్టూడియో అతను ఆ మచ్చలన్నీ కంప్యూటర్లో తుడిచేసి, ఒంటి రంగు కూడా రెండు పాళ్లు తేల్చి ఇచ్చాడు. ఫొటో నచ్చి వచ్చినవాళ్లు మనిషిని చూసి టీ కూడా తాగకుండా లేచిపోయారు. మూడుసార్లు అట్లాగే జరిగింది. మోసం చేశారన్న మాట ఆమే పడింది. ఇప్పుడు ముప్పై రెండేళ్లకు, చేతిలో ఉద్యోగం, సొంతంగా అద్దెకు తీసుకున్న ఇల్లు ఉన్నాక, తన ఒంటిని మచ్చలతో సహా ఒకసారి ఫొటోలో చూసుకోవాలని ఆమెకు అనిపించింది. తక్కువ బట్టల్లో, పడకగదిలాంటి చోట, ఆడవాళ్లు తమకోసం తీయించుకునే ఇలాంటి ఫొటోలను ఈమధ్య నగరాల్లో బుద్వార్ ఫొటోగ్రఫీ అంటున్నారు.

నాకు ఫొటోగ్రాఫర్లెవరూ తెలియదు. నాకు వచ్చిన పని పాత కాగితాలు తిరగెయ్యడం. చెల్లెలికి జవాబు చెప్పడం కోసం ఆ పనే చేశాను. గదిలో ఒంటరి స్త్రీ, ఎదురుగా కెమెరా ఉన్న సన్నివేశం మన ప్రాంతంలో ఎప్పటినుంచి ఉంది, ఆ కెమెరా వెనక ఎవరుండాలో ఎవరు నిర్ణయించారు అని వెతకడం మొదలుపెట్టాను.

ముందు ఆ మాట దగ్గరే ఆగాల్సి వచ్చింది. ఫ్రెంచి భాషలో 'బుదే' అంటే మూతి ముడుచుకోవడం, అలగడం. బుద్వార్ అంటే ఆడమనిషి అలిగి కూర్చునే గది. మనకేం కొత్తకాదు. కైకకు ఉంది, సత్యభామకు ఉంది, మనం కోపగృహం అన్నాం. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది కానీ, కృష్ణుడి కంటే ముందు కవి లోపలికి వెళ్లాడు. కవి వెంట రాయల ఆస్థానం వెళ్లింది, అయిదు వందల ఏళ్లుగా పాఠకులూ వెళ్తూనే ఉన్నారు. ఆమె కన్నీళ్లు, చెదిరిన బట్టలు అన్నీ చూశాం. ఇక మన పెళ్లిళ్లలో అలకపాన్పు వేసేది పెళ్లికొడుక్కి. అలిగే హక్కు కూడా అటే పోయింది!

మా నల్లగొండ జిల్లా నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, 1892లో, హైదరాబాదులో ఒక జనానా ఫొటో స్టూడియో తెరిచారు. తెరిచిన మనిషి లాలా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ కొలువు చేస్తూ కెమెరా పట్టినవాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు, ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు పొందాడు. రాజభవనాలూ, వేటలూ, దర్బార్లూ తీసిన ఆయన కెమెరా పరదా దగ్గర ఆగిపోయింది. దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం జనానా స్టూడియో. మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు దాన్ని అప్పగించాడు. చుట్టూ ఎత్తైన గోడలు కట్టించారు. సహాయకులు కూడా స్థానిక స్త్రీలే. గొప్పింటి బేగములు పల్లకీలో వచ్చినా బండిలో వచ్చినా పరపురుషుడి కన్ను పడదు.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు సంతోషమేసింది. నూట ముప్పై ఏళ్ల కిందట, మన హైదరాబాదులో, ఆడవాళ్లు నడిపే, ఆడవాళ్లు మాత్రమే వచ్చే స్టూడియో! కలకత్తాలో 1863 నాటికే మిసెస్ మేయర్ అనే ఆమె స్త్రీల కోసం ఇలాంటి స్టూడియో నడిపిందని తెలిసి ఇంకా సంబరపడ్డాను. ఆడవాళ్లను ఆడవాళ్లే తీస్తే సమస్య తీరిపోయినట్టే కదా, చెల్లెలికి అదే చెబుదామనుకున్నాను.

తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో నెగెటివ్ అంటే గాజు పలక. స్టూడియోలు దాన్ని కడిగి, ఆరబెట్టి, నంబరు వేసి దాచుకునేవి. మళ్లీ ప్రింటు కావాలంటే నంబరు చెబితే చాలు. మరి జనానా స్టూడియోలో తీసిన పలక ఎవరి అలమారులోకి వెళ్లేది? కెమెరా మీద చెయ్యి స్త్రీది, స్టూడియో మాత్రం ముసవ్విర్ జంగ్‌ది. ఆర్డరిచ్చి డబ్బు కట్టే చెయ్యి ఏ బేగందీ అయి ఉండదని ఊహించడం కష్టం కాదు. గోడలు ఎత్తుగా కట్టింది ఆమె ఇష్టాన్ని కాపాడటానికా, ఆ ఇంటి పరువును కాపాడటానికా? దీన్ దయాళ్ స్టూడియో పలకలు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. గాజు పలక మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

అయినా ఆ స్త్రీలను ఉత్త బొమ్మలుగా చూడటానికి నాకు మనసొప్పదు. ఏ నగ పెట్టుకోవాలో, మొహం ఎటు తిప్పాలో వాళ్లు ఆలోచించుకునే ఉంటారు. తన రూపం కాగితం మీద మొదటిసారి చూసుకున్న ఒక్క క్షణమైనా వాళ్లదై ఉంటుంది. ఆ తర్వాత ఆ కాగితం ఎక్కడికి పోవాలన్నది మాత్రం వాళ్ల చేతిలో ఉండి ఉండదు.

అంతకుముందే జైపూరులో మహారాజు రెండవ సవాయి రామ్‌సింగ్ తన జనానాలోని స్త్రీలను తనే ఫొటోలు తీశాడు. రంగుల తెరలు, తివాచీలు, కుర్చీలు, నేరుగా కెమెరాలోకి చూసే కళ్లు. ఆ చూపుల్లో బెదురు లేదు, నిజమే. కానీ వారిలో చాలామంది పేర్లు మనకు మిగల్లేదు. రాజే మగడు, రాజే ఫొటోగ్రాఫరు అయినప్పుడు "వద్దు" అనడానికి ఆ గదిలో చోటెక్కడిది? 1880 ప్రాంతంలో త్రిపుర మహారాజు బీరచంద్ర మాణిక్య తన రాణి మన్‌మోహినిని దగ్గరకు తీసుకుని తమ ఇద్దరి ఫొటో తనే తీసుకున్నాడు. ఈ కథలో ఒక తేడా ఉంది, మన్‌మోహిని కూడా ఫొటోలు తీయడం నేర్చుకుంది. కెమెరా ఎలా పనిచేస్తుందో తెలిసిన స్త్రీ కెమెరా ముందు నిలబడటం వేరు.

ఈ విషయంలో అందరికంటే ముందుకు వెళ్లినామె పారిస్‌లో ఉంది, కాస్తిగ్లియోనె కౌంటెస్. 1856 నుంచి దాదాపు నలభై ఏళ్లు ఒకే ఫొటోగ్రాఫరు పియరె లూయీ పియర్సన్ దగ్గర నాలుగు వందలకు పైగా ఫొటోలు తీయించుకుంది. ఏ దుస్తులు, ఏ భంగిమ, ఫొటోకు ఏం పేరు అన్నీ ఆమే చెప్పేది. ఆ రోజుల్లో పెద్దింటి స్త్రీ చేయకూడని పని, తన పాదాలను, కాళ్లను కూడా ఫొటో తీయించింది. పియర్సన్ ఆమె చెప్పినట్టు తీశాడు. తనకు సరిపోయే ఫొటోగ్రాఫరును ఎంచుకోవడమంటే ఇదే అనుకున్నాను. కానీ 1899లో ఆమె పోయాక ఆ ఫొటోల్లో నాలుగు వందలకు పైగా ఒక ప్రభువు కొనుక్కుని తన సేకరణలో పెట్టుకున్నాడు. డబ్బూ హోదా ఉన్న ఆమెకే అంతవరకు సాగింది.

ఇదంతా గోడలు ఉన్నవాళ్ల కథ. హాలియా చుట్టుపక్కల చేలల్లో నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్లకు జనానా లేదు, పరదా లేదు. కెమెరా వాళ్లను అడక్కుండానే తీసింది. 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా బ్రిటిష్ ప్రభుత్వం అచ్చువేసిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'లో మనుషులు కులాలకూ తెగలకూ నమూనాలు. ఒకవైపు ఎవరికీ కనపడకూడని దేహం, ఇంకోవైపు ఎవరైనా చూడొచ్చనుకున్న దేహం. కులాన్నీ వర్గాన్నీ బట్టి పరదా ఎవరికి, కెమెరా ఎవరికి అని తేలింది. రెండుచోట్లా అడగని ప్రశ్న ఒకటే, నీకు ఇష్టమేనా అని.

మా నాయనమ్మ జీవితంలో దిగిన మొదటి ఫొటో ఓటరు గుర్తింపు కార్డుది. ఆ కార్డులు మనదేశంలో 1993లో మొదలయ్యాయి. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. "తల మీది కొంగు కొంచెం వెనక్కు జరుపు అవ్వా" అన్నారట. కార్డు చేతికొచ్చాక "ఈమె ఎవరే?" అని మమ్మల్నే అడిగింది.

ఇక నా సంగతి. 2003లో నేను ఇంటర్ రెండో ఏడు. ఓణీ వేసుకుని ఒక స్టూడియోలో ఫొటో దిగాను. నెల తిరక్కుండా ఆ ఫొటో పెద్దదై స్టూడియో షోకేసులో వెలిసింది. దారిన పోయే మగపిల్లలంతా చూశారు, ఒకడు కాలేజీ గోడ మీద నా పేరు రాశాడు. నాన్న స్టూడియో అతన్ని ఒక్క మాట అనలేదు. నన్ను కాలేజీ మాన్పించి పదిహేను రోజులు ఇంట్లో కూర్చోబెట్టాడు, మేనబావకు కబురు పంపాడు. అమ్మ మాత్రం ఎవరికీ చెప్పకుండా స్టూడియోకు పోయింది. ఫొటో తీసేస్తాను గానీ నెగెటివ్ ఇవ్వను, అది స్టూడియోది అన్నాడట అతను. "బిడ్డ నాది, పైసలు నావి, నెగెటివ్ నీదెట్లయితది?" అని అమ్మ అక్కడే కూర్చుంది. పొద్దుగూకే యాళ్లకు నెగెటివ్ తీసుకుని ఇంటికొచ్చింది. మర్నాడు నన్ను కాలేజీకి తనే తీసుకుపోయింది. ఆరోజు అమ్మ అక్కడ కూర్చోకపోతే ఈ వ్యాసం రాసే చదువు నాకు ఉండేది కాదు.

ఏడో తరగతితో చదువు ఆగిపోయిన అమ్మకు చట్టం తెలియదు. కానీ 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షను ఆమె మాటే అంటుంది. డబ్బిచ్చి ఒకరు ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, దాని మీది కాపీరైటుకు మొదటి యజమాని తీయించుకున్న మనిషే. అందులో రెండు మెలికలున్నాయి. డబ్బు మొగుడు కడితే యజమాని ఎవరు? కింద చిన్న అక్షరాలతో ఉన్న ఒప్పందం మీద సంతకం చేస్తే ఆ హక్కు ఎటు పోయింది?

చెల్లెలికి నేను రాసి పంపింది ఈ చరిత్రే. ఆమె దాన్నుంచి తన ప్రశ్నలు తను తయారుచేసుకుంది. డబ్బు తనే కడుతుంది, ఆర్డరు తన పేరు మీదే. తీసేటప్పుడు గదిలో ఎవరెవరుంటారు? చెయ్యి సర్దడానికి తాకేముందు అడుగుతారా? సగంలో వద్దంటే ఆపేస్తారా? తీసిన ఫైళ్లు ఏ డిస్కులో, ఎన్నాళ్లుంటాయి, చెరిపేశాక కాగితం మీద రాసిస్తారా? తన ఫొటో వేరేవాళ్లకు నమూనాగా చూపించనని ఒప్పందంలో ఉంటుందా? మచ్చలు తుడవకుండా ఇస్తారా?

మూడుచోట్లకు వెళ్లింది. మొదటి అతను పాత కస్టమర్ల ఫొటోలు ఫోన్లో వరసగా చూపించాడు. అవి ఎంత బాగున్నా లేచి వచ్చేసింది. వాళ్లవి తనకు చూపించినవాడు తనవి ఇంకొకరికి చూపించడా? రెండో మనిషి స్త్రీయే. "ఈ మచ్చలు ఏం భయపడకండి, కనపడకుండా చేసేస్తా" అంది, చాలా ప్రేమగా. పెళ్లిచూపుల ఫొటో మళ్లీ మొదలైనట్టనిపించిందట. మూడో ఆమె తన గురించి ఏమీ చెప్పుకోలేదు. "మీకు ఏ వెలుతురులో మిమ్మల్ని చూసుకోవడం ఇష్టం?" అని అడిగి, ఒప్పందం చదవడానికి ఇంటికి పంపించింది.

ఇక్కడ నాకు కలకత్తా అన్నపూర్ణా దత్తా గుర్తొచ్చింది. 1894లో పుట్టి 1976 దాకా బతికిన ఆమె పరదా ఇళ్లకు తనే వెళ్లి స్త్రీలను ఫొటోలు తీసేది. కడగడం, ప్రింటు వేయడం కూడా తనే చేసుకునేది. అంటే ఆ పలక మధ్యలో ఇంకో చేతికి పోయేది కాదు. ఆమెను ఇళ్లలోకి రానిచ్చింది ఆమె స్త్రీ అయినందుకే అని రాస్తుంటారు. తీసిన బొమ్మ బయటికి పోదన్న నమ్మకం కూడా అందులో కలిసి ఉంటుందని నాకనిపిస్తుంది.

నమ్మకం ఒక్కటే చాలదని మనకు తెలుసు. ఫొటో తీయడానికి ఒప్పుకున్నంత మాత్రాన పంచడానికి ఒప్పుకున్నట్టు కాదని చట్టంలోకి రావడానికి 2013 దాకా పట్టింది. అప్పుడు శిక్షాస్మృతిలో చేర్చిన 354-సి సెక్షను 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షనుగా ఉంది. అనుమతి లేకుండా ఒంటి రహస్య భాగాలను చిత్రీకరించినా పంపినా ఐటీ చట్టం 66-ఇ కింద మూడేళ్ల దాకా జైలు. ఈ సెక్షన్లు ఫొటో తీయించుకోకముందే తెలిసి ఉండాలి. పోలీసు స్టేషనులో "అసలు నువ్వెందుకు దిగావు?" అన్న ప్రశ్న ముందు నిలబడినప్పుడు తెలుసుకుంటే ఆలస్యమవుతుంది.

ఈ ఫొటోలే మగచూపుకు లొంగడం కదా, అని మిత్రురాలొకరు అన్నారు. నాక్కూడా ఆ సందేహం పూర్తిగా పోలేదు. పరుపూ, దిండ్లూ, జారిన పమిట ఆ చూపు నేర్పిన భంగిమలే. కానీ 1993లో 'నీలిమేఘాలు' కవిత్వం వచ్చినప్పుడు, తమ దేహం గురించి తాము రాసుకున్నందుకు స్త్రీలు ఎన్ని మాటలు పడ్డారో మరిచిపోలేదు. మన దేహం గురించి మాట్లాడే భాష ముందుగా మగవాళ్ల చేతిలో ఉందని మనం రాయడం మానలేదు.

చెల్లెలు ఒక ఆదివారం పొద్దున తన అద్దె ఇంట్లోనే, కిటికీ వెలుతురులో ఫొటోలు దిగింది. పన్నెండు ఫొటోలు ఉంచుకుని తక్కినవి తన ఎదురుగానే చెరిపించింది. మచ్చలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయట, మెడ మీది మచ్చ మన సాగర్ మ్యాపులాగా ఉందని నవ్వింది. బీరువాలో పెట్టుకుంది. నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.