మారు అడగడమే మెచ్చుకోలు

కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఓ అపార్ట్‌మెంట్. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. టేబుల్ మీద గుత్తివంకాయ, నాటుకోడి పులుసు, పప్పుచారు, వడియాలు, డబల్ కా మీఠా. చెయ్యి పెట్టడానికి చోటు లేదు. అయినా ఇంటావిడ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒక్కటే: "ఏదో హడావుడిగా చేశానండీ, ఏమీ చెయ్యలేకపోయాను."

ఈ మాటకు కనీసం అయిదు వందల ఏళ్ల వయసుంది. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో శ్రీవిల్లిపుత్తూరులోని విష్ణుచిత్తుడి ఇంటిని వర్ణించాడు. నడిరాత్రి వేళ చెవి పెట్టి ఆలకిస్తే ఆ ఇంట్లోంచి విష్ణుకథలు వినిపిస్తాయట, దివ్యప్రబంధ పారాయణ వినిపిస్తుందట. వాటితో సమానంగా ఇంకో మాట కూడా వినిపిస్తుందట. కూరలు ఎక్కువ రకాలు లేవని, వేడిగా లేవని, పిండివంటలు లేవని, అన్నం కూడా అంత బాగా కుదరలేదని, దయచేసి తినమని అతిథిని వేడుకునే మాట అది.

నిజంగా ఆ ఇంట్లో ఏమీ లేదా? అదే కావ్యంలో రాయలు ఏ కాలంలో ఏం వడ్డించేవారో కూడా చెప్పాడు. వానాకాలంలో పప్పు, నాలుగైదు రకాల పోపు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు. ఎండాకాలంలో తియ్యని చారు, పలచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, ఊరగాయలు, నీళ్ల మజ్జిగ. చలికాలంలో పరిమళించే బియ్యపు అన్నం, మిరియాల పొడి చల్లిన వేడి కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్లు, కాగిన పాలు. ఇన్ని పెట్టగలిగిన మనిషే ఏమీ లేదని చేతులు జోడిస్తున్నాడు. పారాయణకూ పుణ్యకథలకూ పక్కనే ఆ మాటను నిలబెట్టడంలో రాయలు ఆతిథ్యానికి ఇచ్చిన విలువ నాకు కనిపిస్తుంది. పెట్టేవాడు ముందే తగ్గితే తినేవాడికి వంకపెట్టే పని మిగలదు.

గోదావరి, కృష్ణల వైపు నుంచి ఉద్యోగాలకు ఇటు వచ్చినవాళ్లు ఈ మర్యాదను వెంట తెచ్చుకున్నారు. కానీ ఇక్కడికి వచ్చేసరికే హైదరాబాద్‌లో దానికి తోబుట్టువు ఉంది. పాతబస్తీ మర్యాదలో ఎంత పెద్ద హవేలీ అయినా యజమానికి అది 'గరీబ్‌ఖానా'. ఎదుటివాడిది ఒక్క గదే అయినా అది 'దౌలత్‌ఖానా'. బిర్యానీ దమ్ మీద ఉన్నా పిలుపు మాత్రం దాల్‌రోటీకే. అతిథి నోటికి పెట్టిన కట్టుబాటు కూడా రెండు సంప్రదాయాల్లోనూ ఒకటే. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి అన్నాన్ని నిందించవద్దంటుంది. ప్రవక్త ఏనాడూ భోజనానికి వంకపెట్టలేదని, ఇష్టమైతే తిని లేకపోతే వదిలేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండూ చెబుతాయి.

మెచ్చుకోవడానికి కూడా ఈ ఊళ్లో ఓ హద్దు ఉండేది. పైగా వంశపు అమీరు వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా ప్యాలెస్‌కు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా అతిథిగా వెళ్లి, అది తెగ నచ్చి మకాం పొడిగిస్తూ పోయాడని, చివరికి యజమాని ఆ భవనాన్నే నజరానాగా సమర్పించుకున్నాడని చెప్పుకుంటారు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఆ ప్యాలెస్‌లోదే. అతిథి మెచ్చుకోలు ఇంటివాడికి ఎంత బరువు కాగలదో చెప్పే కథ అది.

మరి ఉప్పు తక్కువైతే ఎలా? మన పాత బంతి భోజనం దీనికి నోరు విప్పనక్కర్లేని ఉపాయం చెప్పింది. విస్తరిలో ఓ మూల చిటికెడు ఉప్పు ముందే వడ్డిస్తారు. చాలనివాడు వేలితో అద్దుకుని కలుపుకుంటాడు. పక్కవాడికి తెలియదు, వడ్డించేవాళ్లకూ తెలియదు. మెచ్చుకోవడానికీ మాట అక్కర్లేదు, మారు అడిగితే చాలు. అదీ ఊరికే "ఇంకొంచెం" అని కాకుండా "ఆ గోంగూర ఇటు రానివ్వండి" అని పేరు పెట్టి అడగాలి. చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలంటున్నా కొసరి వడ్డించడం ఇంటివాళ్ల హక్కు. చివర్లో పెద్దవాళ్లు "అన్నదాతా సుఖీభవ" అని లేస్తారు. ఆ దీవెనలో ఏ కూర పేరూ ఉండదు, పెట్టిన మనిషే ఉంటాడు.

కట్టుబాటు తప్పినవాళ్లు లేరా అంటే సాక్షాత్తూ శ్రీనాథుడే గుర్తొస్తాడు. ఆయనవని చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీద పడ్డ మాటలు తెలుగువాళ్లందరికీ తెలుసు. పూతన విషం తాగానని, కార్చిచ్చు మింగానని నిక్కుతున్నావు, చింతచిగురు వేసిన బచ్చలికూరతో ఈ జొన్నకూడు ఓ ముద్ద మింగు చూద్దామని కృష్ణుడినే సవాలు చేశాడు. సవాలు దేవుడికి గనుక పెట్టిన ఇల్లాలి పేరు బయటికి రాలేదు. అయినా ఆ వేళాకోళం పల్నాడుకు అంటుకుని ఇన్ని వందల ఏళ్లు నిలిచింది. ఇంటిని వదిలి ఊరిని అన్నా నొప్పి ఒకటే. ఇప్పుడు సాయంత్రం అయితే కొండాపూర్ రోడ్డు పక్కన పెనం మీద జొన్నరొట్టెలు కాలుస్తుంటే ఐడీ కార్డులు మెడలో వేసుకున్నవాళ్లు వరసలో నిలబడి కొనుక్కుంటున్నారు.

1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత మాదాపూర్ చుట్టుపక్కల ఒకే అంతస్తులో కాకినాడ, కరీంనగర్, కడప, కోల్‌కతా కలిసి కాపురం పెట్టాయి. దాంతో ఇక్కడి భోజనాల బల్ల దగ్గర నేను ఎక్కువగా విన్నది శ్రీనాథుడి మాటే. "మీవైపు పులుసులో బెల్లం పోస్తారు కదా", "మీవాళ్లకు కారం తప్ప రుచి తెలీదు", "మా అమ్మ అయితే దీన్ని వేరేగా చేస్తుంది." అన్నవాళ్లకు ఇది కబుర్లే. పచ్చిపులుసు పెట్టిన ఇల్లాలికి మాత్రం తన పుట్టింటిని అన్నట్టు ఉంటుంది. ఆ పిలుపు మళ్లీ రాదు.

ఇంతకన్నా నొప్పించే ప్రశ్న ఇంకొకటుంది: "ఇది ఇంట్లో చేసిందేనా?" కర్రీ పాయింట్లు ఈ నగరపు పని వేళలకు పుట్టిన ఏర్పాటు. భార్యాభర్తలిద్దరూ రాత్రి కాల్స్ ముగించుకుని కుక్కర్లో అన్నం పడేసి, పప్పూ సాంబారూ కవర్లలో తెచ్చుకునే ఇళ్లు వేలున్నాయి. అలాంటి ఇంట్లో ఎవరినైనా భోజనానికి పిలిచారంటే, ఉన్న ఒక్క సెలవురోజును వాళ్లకు ఇచ్చేశారన్నమాట. అంతకన్నా పెద్ద వంట లేదు. దొండకాయ వేపుడు కొన్నదో వండిందో తేల్చే హక్కు అతిథికి లేదు. డెలివరీ యాప్‌లో నక్షత్రాలు ఇచ్చే అలవాటును ఇంకొకరి గుమ్మం లోపలికి తీసుకెళ్లకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

చాలా ఇళ్లలో వండింది ఎదురుగా కూర్చున్నావిడ కూడా కాదు. పొద్దున్నే వచ్చి మసాలా నూరి, వంకాయలు కూరి, వడ్డన మొదలయ్యేసరికి వంటింట్లో గిన్నెలు సర్దుతున్న వంటమ్మది ఆ చెయ్యి. చెయ్యి కడుక్కున్నాక ఓసారి అటు వెళ్లి, గుత్తివంకాయలో నువ్వులు వేశారా పల్లీలు వేశారా అని ఆమెనే అడగండి. వంట తెలిసినవాళ్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెడితే ఓ పట్టాన ఆపరు.