మూడో నీళ్లు

2020 ఏప్రిల్ ఆఖరి వారంలో వేలూరు జిల్లా నుంచి చిత్తూరు వెళ్లే రెండు రోడ్ల మీద గోడలు లేచాయి. గుడియాత్తం దగ్గర సైనగుంటలో ఒకటి, పొన్నై దగ్గర ఒకటి. ఇనప బారికేడ్లు కావు, ముళ్లకంపలు కావు, నడిరోడ్డుకు అడ్డంగా తాపీతో కట్టిన గోడలు. ఆంధ్ర వైపు నుంచి కరోనా రాకుండా అన్నారు. గొడవయ్యాక ఒకటి రెండు రోజుల్లోనే పడగొట్టారు. అటు పుట్టిల్లు, ఇటు మెట్టినిల్లు ఉండే ఊళ్లవి. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ఆంధ్రకు మారినప్పుడు కూడా ఇక్కడెవరూ గోడ కట్టలేదు.

గోడ పడిపోయినంత తేలిగ్గా మామూలు రోజులు రాలేదు. మామూలు అరబ్బీ నుంచి వచ్చిన మాట, ఆనవాయితీగా జరిగేదని అర్థం. మనం దానికి ఇంకో అర్థం కూడా కల్పించుకున్నాం, చెక్‌పోస్టు దగ్గర చేతులు మారేది. ఆ మామూలు లాక్‌డౌన్‌లోనూ ఆగలేదనేవాళ్లున్నారు. అది వేరే వ్యాసం. నాకు కావలసింది మొదటి అర్థమే. రోగం పోయింది, ఇక బయటికి రావచ్చు అని ఈ సరిహద్దు సీమలో ఎవరు చెప్పేవారు, జనం ఎవరి మాట నమ్మేవారు? రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లి చూస్తే సర్కారు చెప్పిన తేదీకీ జనం తమంతట తాము తేల్చుకున్న తేదీకీ పొంతన కుదిరినట్టు నాకు కనిపించదు.

మశూచి కాలంలో ఆ తేదీ ఇంట్లోనే తేలేది. జబ్బు చేసిందనేవారు కాదు, అమ్మ పోసిందనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. వంటింట్లో తాళింపు ఘాటు రాకూడదు. బయటివాళ్లు లోపలికి, లోపలివాళ్లు బయటికి లేదు. పొక్కులు ఎండాక పసుపూ వేపాకూ వేసిన నీళ్లు ఎండలో కాగబెట్టి తలకు పోసేవారు. కొన్నాళ్లాగి రెండోసారి, ఇంకొన్నాళ్లాగి మూడోసారి. మూడో నీళ్లు పడ్డాకే మనిషి వీధిలోకి రావాలి. దీన్ని మూఢనమ్మకమని తోసెయ్యడానికి నాకు మనసొప్పదు. ఆఖరి పొక్కు చెక్కు రాలేదాకా మశూచి అంటుకుంటూనే ఉంటుందని వైద్యులూ చెప్పారు. మూడు నీళ్ల లెక్క అంతవరకూ మనిషిని ఇంట్లో ఆపేది, పోలీసు అక్కర్లేకుండా.

ఇంటికి మూడో నీళ్లు ఎలాగో ఊరికి జాతర అలాగ. తిరుపతిలో గంగమ్మ జాతర, ఆడి నెల వచ్చిందంటే తిరువళ్లూరు జిల్లాలో ఊరూరా రాగి అంబలి పోయడం, పెరియపాళెం భవానీ అమ్మవారి గుడి చుట్టూ వేపాకు చీర కట్టుకుని తిరగడం. సికింద్రాబాదు మహంకాళి బోనాల వెనక చెప్పుకునే కథలోనూ ఉన్నది 1813 నాటి అంటురోగమే. మహమ్మారి అన్న మాటలోనే మారి ఉంది. జాతరలో జనం ఒకరి భుజం ఒకరు రాసుకుంటూ నిలబడ్డారంటే ఊరు రోగాన్ని దాటేసినట్టే. చాటింపు వేసి చెప్పనక్కర్లేదు.

దొరతనం వారికి ఈ లెక్క నచ్చలేదు. 1802లో బొంబాయిలో ఒక పసిపిల్లకు వేసిన ఆవు మశూచి టీకా త్వరలోనే మద్రాసుకూ వచ్చింది. అమ్మ చేతిలో ఉన్న పని కత్తి మొన చేస్తుందంటే నమ్మడమెలా? ఇక్కడ మనకు తెలిసిన పెద్దమనిషి ఒకాయన వస్తాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని 1816లోనే చెప్పిన ఎల్లిస్. టీకాకు జనాన్ని ఒప్పించడం కోసం ధన్వంతరికీ అమ్మవారికీ మధ్య సంవాదంగా ఆయన ఒక కథే అల్లాడు. అబద్ధమే, కాని మంచి కోసం ఆడినది. జనం నాడి పట్టుకున్నవాడు కాబట్టి అమ్మతో పోట్లాడకుండా ఆమె చేతికే టీకా ఇచ్చాడు. గిండీలో టీకా మందు తయారీ కోసం 1899లో పెట్టిన కింగ్ సంస్థ వంటివి తర్వాత పని అందుకున్నాయి. దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో, దేశానికి విముక్తి పత్రం 1977లో. ఆ పత్రం వచ్చిందని ఏ ఊరూ అంబలి మానలేదు.

రోగానికే కాదు, కరువుకూ ఇదే లెక్క. దానికి ఒక కాలువ సాక్షి. ఎన్నూరుకు ఉత్తరాన, మనం ప్రళయకావేరి అనుకునే పులికాట్‌కు దక్షిణాన, ఒకపక్క బంగాళాఖాతం, ఇంకోపక్క బకింగ్‌హాం కాలువ ఉన్న ఇసుక పట్టీ మీద కాట్టుపల్లి ఉంది. ఒకప్పుడు కృష్ణా, నెల్లూరు వైపు సరుకు ఈ కాలువలోనే పడవల మీద మద్రాసు చేరేది. 1876లో ధాత కరువు మొదలైంది. తిండి కోసం మద్రాసు చుట్టూ చేరిన జనం చేత 1877, 78ల్లో కాలువలో అడయారు, కూవం నదుల మధ్య ముక్కను తవ్వించి, అప్పటి గవర్నరు పేరే మొత్తం కాలువకు పెట్టారు. కరువు శిబిరాల్లో ఆకలితో చచ్చిన వారి పక్కనే కలరాతో చచ్చినవారు. వానలు పడ్డాక దొరతనం దృష్టిలో కరువు తీరిపోయింది. ఇంటికి మళ్లినవాడికి దొడ్లో ఎద్దు లేదు, గాదెలో విత్తనం లేదు. ఆ సంసారానికి మామూలు ఏ ఏడాదికి వచ్చిందో ఏ నివేదికలోనూ ఉండదు.

1896లో బొంబాయిలో ప్లేగు దిగింది. మరుసటి ఏడాదే అంటురోగాల చట్టం వచ్చింది. మద్రాసు రాజధానిలో ప్లేగు పాస్‌పోర్టు అనే కాగితం పుట్టింది. రోగమున్న చోటు నుంచి వచ్చి రైలు దిగినవాడి చేతిలో అది పెట్టేవారు. వాడు పది రోజులపాటు రోజూ వెళ్లి అధికారికి కనబడాలి. 2020లో తమిళనాడు మనకిచ్చిన ఈ-పాస్ దాని మనవడే. చట్టం కూడా అదే, 1897 నాటిది, నడుమ కాస్త మరమ్మతు చేసి వాడుకున్నారు. జిల్లా నుంచి జిల్లాకు వెళ్లే ఈ-పాస్ 2020 సెప్టెంబరు 1న పోయింది. ఆ ఐదు నెలల్లో పెళ్లికి, చావుకి, ఆసుపత్రికి అని కారణం రాసి అనుమతి కోసం ఫోను చూస్తూ కూర్చున్నవాళ్లకు, నూట ఇరవై ఏళ్ల కిందట స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడి చిరాకు ఎలాంటిదో తెలిసే ఉంటుంది.

1918 విషజ్వరం గురించి ఎక్కువ చెప్పుకోవలసింది, చెప్పుకోగలిగింది తక్కువ. ఆ జూన్‌లో బొంబాయి రేవులో దిగి, ఆశ్వయుజ కార్తీకాల్లో విరుచుకుపడింది. దేశం మొత్తం మీద కోటి ఇరవై లక్షల మందికి తక్కువ కాకుండా పోయారని అంచనాలు. మద్రాసు రాజధాని బొంబాయి అంతగా నష్టపోలేదు. 1911కీ 1921కీ మధ్య దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. మన జనగణన చరిత్రలో అలాంటి పదేళ్లు అవొక్కటే. ఇంత జరిగినా ఆ జ్వరానికి ఒక గుడి లేదు, ఒక జాతర లేదు. అమ్మవారి పేరు పెట్టేంత వ్యవధి కూడా ఇవ్వకుండా వచ్చి పోయింది. 1920లో అమెరికాలో హార్డింగ్ మళ్లీ మామూలు రోజులు తెస్తానని చెప్పి అధ్యక్ష ఎన్నిక గెలిచేశాడు. మనకు ఆ మాట చెప్పినవాడూ లేడు. జ్వరం తగ్గగానే రౌలట్ చట్టం, 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్, తర్వాత సహాయ నిరాకరణ. రోగం నుంచి లేచిన దేశం పాత మంచం మీదికి మళ్లీ వెళ్లలేదు.

మందు మీద పెట్టుకునే ఆశకు తిరువళ్లూరు జిల్లాలోనే ఇంకో కథ ఉంది, అక్కడివాళ్లకే చాలామందికి తెలియదు. క్షయకు బీసీజీ టీకా ఎంతవరకు పనిచేస్తుందో తేల్చడానికి 1968 నుంచి 1971 దాకా, అప్పుడు చెంగల్పట్టు జిల్లాలో ఉన్న తిరువళ్లూరు చుట్టుపక్కల 209 పల్లెల్లో, 9 పట్టణాల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద పరీక్ష జరిగింది. సుమారు 3,60,000 జనాభా. సగం పైగా మందికి టీకా, కొందరికి ఉత్త నీళ్లమందు, ఎవరికేది పడిందో తెలియదు. ఏళ్లతరబడి ఇంటింటికీ తిరిగి కఫం పరీక్షించారు. ఫలితం చూసి ప్రపంచం నోరు వెళ్లబెట్టింది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయకు ఆ టీకా రక్షణ ఇవ్వలేదు. పసిపిల్లలకు ప్రాణాంతకమైన క్షయ రకాల నుంచి కాపాడుతుందని మన దేశంలో పుట్టిన బిడ్డకు నేటికీ వేస్తూనే ఉన్నారు, అది వేరే సంగతి. 2020లో కరోనాకు మందు లేక తడుముకుంటున్నప్పుడు అదే బీసీజీ ముసలివాళ్లకు పనికొస్తుందేమో చూద్దామని మద్రాసులోని క్షయ పరిశోధన సంస్థే మళ్లీ పరీక్ష మొదలుపెట్టింది. ఆశ ఒకసారి ఓడిన వీధిలోకే మళ్లీ వస్తుంది. ఇందులో వెటకారమేమీ లేదు, శాస్త్రం నడిచేదే అలా.

కరోనా వేళకు వస్తే, మామూలు అందరికీ ఒకేరోజు రాలేదు. వంతులవారీగా వచ్చింది. తిరుమలలో మార్చి 20న ఆగిన దర్శనం జూన్ 11న భక్తులకు మళ్లీ మొదలైంది, తొలుత రోజుకు ఆరు వేల మందికి. తూర్పు తీరాన ఏటా 61 రోజులుండే వేట నిషేధాన్ని ఆ ఏడాది 47 రోజులకు తగ్గించారు కాబట్టి జూన్ 1నే మరపడవలు సముద్రంలోకి దిగాయి. మద్రాసులోని కోయంబేడు కూరగాయల మార్కెట్టు మే 5న మూతపడి తిరువళ్లూరు జిల్లా తిరుమళిశైకి మారింది. చిత్తూరు, నెల్లూరు జిల్లాల కేసుల్లోనూ కోయంబేడు పేరు వినబడింది. వాన పడితే బురదలో కూరగాయలు అమ్ముకున్న వ్యాపారులు సెప్టెంబరు ఆఖరుకు గాని పాత దుకాణాలకు చేరలేదు. తిరుత్తణి, గుమ్మిడిపూండి వైపు నుంచి పొట్టకూటికి పట్నం వెళ్లేవాళ్ల లోకల్ రైళ్లు ముందు సిబ్బందికి, నవంబరులో ఆడవాళ్లకు, డిసెంబరు 23 నుంచి అందరికీ, అదీ రద్దీ లేని వేళల్లో. రద్దీ వేళలోనే పనికి వెళ్లేవాడి గతేమిటని అడిగితే జవాబు లేదు. దేవుడికి జూన్‌లో, వంకాయకు సెప్టెంబరులో, కూలీకి డిసెంబరు తర్వాత. వరస చూస్తే సమాజం గురించి చాలా తెలుస్తుంది.

అది కూడా నిలవలేదు. 2021 వేసవిలో రెండో అల వచ్చింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారు. రావలసిన ట్యాంకరు తమిళనాడు వైపు శ్రీపెరుంబుదూరు నుంచి. ఏడాది కిందట గోడ కట్టిన సరిహద్దు మీదుగానే ఊపిరి రావలసి వచ్చింది. అదే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇచ్చే నాటు మందు కోసం వేలమంది బారులు తీరారు. ఆపారు, పరీక్షించారు, కంటి చుక్కలు తప్ప మిగతా వాటికి మే 31న అనుమతిచ్చారు. చదువుకున్నవాళ్లు నవ్వారు. ఆసుపత్రిలో పడక దొరకని ఆ రోజుల్లో క్యూలో నిలబడ్డవాళ్లను చూసి నవ్వడం నాకు చేతకాలేదు.

తిరుత్తణి కొండ మెట్లు 365 అంటారు. 2020 ఆడి కృత్తికకు వాటి మీద కావళ్లు లేవు. 2021లోనూ ఆగస్టు తొలి రోజుల్లో గుళ్లలోకి భక్తులను రానివ్వలేదు. 2022 జూలైలో కృత్తిక వచ్చేసరికి ఎవరినీ ఎవరూ అడగలేదు. భుజాన కావడి, ఒళ్లంతా చెమట, ముఖాన మాస్కు లేదు. ఈ సీమకు మూడో నీళ్లు ఆ రోజే పడ్డాయని నా లెక్క. అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2023 మే 5న. ఆ రోజు తమిళులకు చిత్రా పౌర్ణమి, మనకు వైశాఖ పౌర్ణమి. తిరువణ్ణామలైలో గిరి ప్రదక్షిణ చేస్తున్న జనానికి జెనీవా మాట వినే తీరిక లేదు.

కాట్టుపల్లికి మాత్రం ఈ లెక్క అన్వయించదు. 2013 జనవరి నుంచి అక్కడ ఓడరేవు నడుస్తోంది. దాని కోసం అక్కడి జాలరుల కుప్పం ఇళ్లే కదిలాయి. 2018లో రేవు అదానీ చేతికి వచ్చింది, 330 ఎకరాల దాన్ని 6,110 ఎకరాలకు పెంచాలనే పథకం వచ్చింది. అక్కడి జాలరికి మామూలు రోజులంటే కరోనాకు ముందువి కావు, రేవుకు ముందువి. ఆ పథకం మీద జనం మాట వినడానికి 2021 జనవరి 22న పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ కరోనా కారణంగా వాయిదా పడింది. కరోనా పోయాక 2023 సెప్టెంబరు 5న మళ్లీ పెడతామన్నారు. అదీ జరగలేదు.